మౌయి కౌంటీ: ప్రజారోగ్యం, వైద్యసేవల అందుబాటు

మౌయి కౌంటీ అమెరికాలోని హవాయి రాష్ట్రానికి చెందిన పాలనా విభాగం. కౌంటీ అంటే స్థూలంగా మన జిల్లా లాంటిది. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న మౌయి, మొలోకాయి, లనాయి దీవుల్లో జనం నివసిస్తారు. కహోలావె అనే నాలుగో దీవి మీద అమెరికా నౌకాదళం దశాబ్దాల తరబడి బాంబులు వేసి సాధన చేసింది. అక్కడ ఇప్పుడు ఎవరూ కాపురం ఉండరు. 2020 జనగణన ప్రకారం కౌంటీ జనాభా 1,64,754. అందులో లక్షన్నరకు పైగా మౌయి దీవిలోనే ఉన్నారు. మొలోకాయిలో సుమారు 7 వేలు, లనాయిలో 3 వేల పైచిలుకు జనం. కౌంటీ కేంద్రం మౌయిలోని వైలుకు పట్టణం.

సగటు లెక్కలు మాత్రమే చూసేవారికి ఇక్కడ ఆరోగ్య సమస్య ఉందనే అనిపించదు. 2020, 2021 సంవత్సరాల్లో అమెరికా రాష్ట్రాలన్నిటిలోకీ ఆయుర్దాయం ఎక్కువగా ఉన్నది హవాయిలోనే. ఆరోగ్య బీమా లేనివారు ఆ రాష్ట్రంలో 4 శాతం అటూ ఇటూ మాత్రమే. అయినా మొలోకాయి గర్భిణికి సిజేరియన్ అవసరమైతే దీవి దాటాల్సిందే. పర్యాటకులతో కిటకిటలాడే పశ్చిమ మౌయిలో ఒక్క ఆస్పత్రీ లేదు. చేతిలో బీమా కార్డు ఉంటుంది, చూడాల్సిన డాక్టరు సముద్రం అవతల ఉంటాడు. మౌయి కౌంటీ ఆరోగ్య చరిత్ర అంతా ఈ దూరం చుట్టూనే తిరుగుతుంది.

వెలివేత నాటి చరిత్ర

1778లో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడలు వచ్చేదాకా హవాయి దీవులకు బయటి అంటురోగాలు తెలియవు. ఆ తర్వాత సుఖవ్యాధులు, తట్టు, మశూచి ఒకదాని వెంట ఒకటి ప్రవేశించాయి. రోగనిరోధక శక్తి లేని జనం కుప్పకూలారు. లక్షల్లో ఉండిన స్థానిక హవాయియన్ల సంఖ్య 1890 నాటికి, మిశ్రమ సంతతిని కలుపుకున్నా, సుమారు 40 వేలకు పడిపోయింది.

కుష్ఠు విషయంలో జరిగింది ఇంకా క్రూరమైనది. 1865లో రాజు ఐదవ కమేహమేహ కాలంలో కుష్ఠు వ్యాప్తి నిరోధక చట్టం వచ్చింది. రోగం ఉందన్న అనుమానం కలిగితే చాలు, పట్టుకుని పరీక్షించే అధికారం ఆరోగ్య మండలికి దక్కింది. ఆ రోగులను ఉంచడానికి మొలోకాయి ఉత్తర తీరాన ఉన్న కలౌపాపా అనే చిన్న ద్వీపకల్పాన్ని ఎంచుకున్నారు. మూడు వైపులా అలలు ఎగసిపడే సముద్రం, నాలుగో వైపు సుమారు 600 మీటర్ల నిట్టనిలువు కొండ. 1866 జనవరిలో తొలి జట్టుగా 12 మందిని అక్కడ దించారు. కొత్తలో సరైన ఇళ్లు లేవు, వైద్యుడు లేడు. వచ్చినవాళ్లు తమ తిండి తామే పండించుకుంటారని ప్రభుత్వం అనుకుంది. జబ్బుతో ఉన్న మనుషులు దుక్కి దున్నుతారని ఎలా అనుకున్నారో వారికే తెలియాలి. అటుపై శతాబ్దకాలంలో అక్కడికి పంపినవారు సుమారు 8 వేల మంది. వారిలో అత్యధికులు స్థానిక హవాయియన్లే.

1873లో ఫాదర్ డేమియన్ అనే బెల్జియన్ మతగురువు ఆ ద్వీపకల్పంలోని కలావావో చేరాడు. ఇళ్లు కట్టాడు, పుండ్లు కడిగాడు, శవపేటికలు చేశాడు. చివరికి అదే రోగం సోకి 1889లో చనిపోయాడు. మదర్ మరియాన్ కోప్ అంతకు ముందే మౌయిలో సేవ మొదలుపెట్టింది. 1884లో వైలుకులో ఆమె నెలకొల్పిన మలులాని ఆస్పత్రి ఆ దీవిలో తొలి సాధారణ ఆస్పత్రి. 1888లో ఆమె కలౌపాపాకు వచ్చి, 1918లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. కేథలిక్ చర్చి డేమియన్‌ను 2009లో, మరియాన్‌ను 2012లో పునీతులుగా ప్రకటించింది.

కుష్ఠు చికిత్సలో భారతదేశానికి ఒక ప్రత్యక్ష సంబంధం ఉంది. మన దేశంలో తరతరాలుగా చర్మరోగాలకు వాడిన చాల్మూగ్రా నూనె అప్పట్లో దీనికి ఏకైక ఆశ. తాగితే వాంతి అయ్యేది. సూదితో ఎక్కిస్తే చర్మం కింద గడ్డకట్టేది. 1915 ప్రాంతంలో, వేరే దీవిలోని రాజధాని హొనొలులులో ఉన్న హవాయి కళాశాలలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఆ నూనెను శరీరం ఇముడ్చుకునే రూపంలోకి మార్చే పద్ధతి కనుక్కొంది. 24 ఏళ్లకే ఆమె మరణించడంతో ఆ ఘనత చాలాకాలం వేరొకరి పేరున చెలామణి అయింది. 1940ల చివర్లో సల్ఫోన్ మందులు వచ్చాక రోగం నయమవడం మొదలైంది. అయినా నిర్బంధ ఏకాంతవాసం రద్దయింది 1969లో. మందు దొరికిన రెండు దశాబ్దాలకు గానీ చట్టం కదలలేదు.

ఆ ద్వీపకల్పం ఇప్పటికీ మౌయి కౌంటీలో భాగం కాదు. కలావావో అనే వేరే కౌంటీగా రాష్ట్ర ఆరోగ్యశాఖ అధీనంలో ఉంది. 2020లో అక్కడ లెక్కకు వచ్చినవారు 82 మంది. పాత రోగుల్లో మిగిలినవారు పది మంది లోపే. తక్కినవారు ఆరోగ్యశాఖ, జాతీయ ఉద్యానవనాల శాఖల ఉద్యోగులు. నిర్బంధం ఎత్తేశాక కూడా ఊరు వదలకుండా అక్కడే ఉంటామన్న రోగులకు జీవితాంతం వసతి, వైద్యం రాష్ట్రం బాధ్యత.

చెరకు తోటల యుగంలో వైద్యం కంపెనీ చేతుల్లో ఉండేది. జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ నుంచి కూలీలను రప్పించిన తోటల యజమానులు తమ డాక్టర్లను, తమ ఆస్పత్రులను నడిపారు. పని మానేవాడు నిజంగా రోగా, సోమరా అని తేల్చడం కూడా ఆ డాక్టరు పనే కావడంతో కూలీలకు అతని మీద నమ్మకం అంతంత మాత్రం. తర్వాత కార్మిక సంఘాలు బలపడి వైద్య సదుపాయాన్ని ఒప్పందపు హక్కుగా మార్చుకున్నాయి. మౌయిలో, రాష్ట్రం మొత్తంలోనూ, చివరి చక్కెర మిల్లు పునెనెలో 2016 డిసెంబరులో మూతపడింది. చెరకు చేలు తగలబెట్టినప్పుడు లేచే పొగ మీద ఆస్తమా రోగులు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదులు కూడా దాంతో ముగిశాయి.

సగటు కింద దాగిన తేడాలు

హవాయి ఆయుర్దాయం జాతులవారీగా విడగొడితే వేరే చిత్రం కనిపిస్తుంది. 2010 లెక్కల ఆధారంగా చేసిన అంచనాలో రాష్ట్రంలోని చైనా మూలాలవారి ఆయుర్దాయం 87.8 ఏళ్లు, స్థానిక హవాయియన్లది 76.6 ఏళ్లు. ఒకే రాష్ట్రంలో, ఒకే బీమా చట్టం కింద బతికేవారి మధ్య 11 ఏళ్ల తేడా. జనాభాలో సగానికి పైగా స్థానిక హవాయియన్ మూలాలున్న మొలోకాయికి రాష్ట్ర సగటు ఎందుకు వర్తించదో దీన్నిబట్టి తెలుస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు, గుండె జబ్బులు, మూత్రపిండాల వైఫల్యం స్థానిక హవాయియన్లలో ఎక్కువ.

1985లో జరిగిన మొలోకాయి గుండె అధ్యయనం ఈ సంగతిని గట్టిగా బయటపెట్టింది. దాన్ని నడిపినవారిలో ఒకరైన డాక్టర్ ఎమ్మెట్ అలులి మొలోకాయిలోనే దశాబ్దాల పాటు కుటుంబ వైద్యుడిగా పనిచేశారు. కహోలావె మీద బాంబు దాడులు ఆపాలన్న ఉద్యమానికీ ఆయన నాయకుడే. భూమి ఆరోగ్యం, మనిషి ఆరోగ్యం వేరు కావన్నది ఆయన వాదన. 1987లో చేసిన మరో ప్రయోగంలో కొందరికి పాత హవాయి భోజనం పెట్టి చూశారు: చామదుంపను ఉడికించి దంచి చేసే పోయి అనే ముద్ద, చిలగడదుంప, ఆకుకూరలు, చేప. రక్తంలో కొవ్వు తగ్గింది. చెప్పుకోవడానికి తేలికే గాని ఆచరణ కష్టం. ఈ దీవుల్లో తినే తిండిలో 85 శాతానికి పైగా ఓడల్లో బయటి నుంచి వస్తుందని అంచనా. డబ్బా మాంసం, తెల్ల బియ్యం చౌక. తాజా కూర, చేప ఖరీదు. ఈ అధ్యయనాల వెన్నంటి 1988లో అమెరికా కాంగ్రెస్ స్థానిక హవాయియన్ల ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. దాని కింద మొలోకాయి, లనాయిలలో నా పువాయ్, మౌయిలో హుయి నో కె ఓలా పోనో అనే సంస్థలు పనిచేస్తున్నాయి.

మైక్రోనేసియా, మార్షల్ దీవులు, పలావ్ నుంచి వచ్చి స్థిరపడినవారిది మరో కథ. ఒప్పందం ప్రకారం వారు అమెరికాలో స్వేచ్ఛగా నివసించవచ్చు. 1996 నాటి సంక్షేమ సంస్కరణల్లో మాత్రం పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌కు అనర్హులయ్యారు. మార్షల్ దీవుల్లో అణుపరీక్షలు జరిపిన దేశమే ఆ ప్రజలకు పాతికేళ్లు ఈ సాయం నిరాకరించింది. 2020 డిసెంబరులో గానీ ఆ అర్హత తిరిగి రాలేదు.

అంటురోగాలు ఇప్పుడు అరుదే అయినా పూర్తిగా పోలేదు. 2001–02లో హవాయిలో తలెత్తిన డెంగీలో నిర్ధారణ అయిన కేసులు 122. అత్యధికం మౌయివే, అందులోనూ తూర్పు మూలనున్న హానా పరిసరాల్లోవి. నత్తలు, పెంకు లేని నత్తల (స్లగ్‌ల) ద్వారా కూరగాయలకు అంటి మెదడు పొరలను దెబ్బతీసే ఎలుక ఊపిరితిత్తుల పురుగు వ్యాధి 2017లో మౌయిలో కలకలం రేపింది. ఆకుకూర ఒక్కో ఆకూ విడదీసి కడగండని ఆరోగ్యశాఖ ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

ఆస్పత్రులు

అమెరికాలో చాలాచోట్ల ప్రజారోగ్య విభాగం కౌంటీ చేతిలో ఉంటుంది. హవాయిలో అలా కాదు. టీకాలు, పారిశుధ్య తనిఖీ, రోగాల నిఘా అన్నీ రాష్ట్ర ఆరోగ్యశాఖవి. మౌయిలో ఉన్నది దాని జిల్లా కార్యాలయం. కౌంటీ మేయరుకు ఆరోగ్యం మీద మాట చెల్లేది తక్కువ, జనం నిలదీసేది మాత్రం మొదట ఆయన్నే.

వైలుకులో 1952లో ప్రారంభమైన మౌయి మెమోరియల్ ఈ దీవిలో తీవ్ర వైద్యం అందించే ఏకైక పెద్ద ఆస్పత్రి. పడకలు 200 పైచిలుకు. కొండవాలు మీద క్షయ రోగుల కోసం 20వ శతాబ్ది ఆరంభంలో వెలసిన కులా ఆస్పత్రి నేడు ఎక్కువగా దీర్ఘకాల సంరక్షణ కేంద్రం. లనాయి ఆస్పత్రిలో 14 పడకలు, మొలోకాయి జనరల్‌లో 15. ఈ మూడూ కేంద్ర ప్రభుత్వం 1997లో తెచ్చిన ప్రత్యేక పథకం కిందికి వస్తాయి. 25 పడకలకు మించని మారుమూల ఆస్పత్రులకు అయిన ఖర్చును లెక్కగట్టి చెల్లించడం ఆ పథకం సారాంశం. అది లేకపోతే ఇంత చిన్న ఆస్పత్రులు ఏనాడో మూతపడేవి.

మౌయి మెమోరియల్, కులా, లనాయి ఆస్పత్రులు చాలాకాలం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేవి. ఏటేటా నష్టాలే. వాటిని ప్రైవేటు సంస్థకు అప్పగించడానికి 2015లో చట్టం చేశారు. ఉద్యోగ సంఘం కోర్టుకెక్కడంతో ఆలస్యమై, చివరికి 2017 జులై 1న కైజర్ పర్మనెంటె అనే ఆరోగ్య సంస్థ అనుబంధ విభాగానికి నిర్వహణ మారింది. మొలోకాయి జనరల్ మాత్రం హొనొలులులోని క్వీన్స్ ఆస్పత్రి వ్యవస్థలో భాగం. 1859లో రాణి ఎమ్మా, రాజు నాలుగవ కమేహమేహ విరాళాలు పోగుచేసి పెట్టిన ఆస్పత్రి అది.

పెద్దాస్పత్రి ఒక్కటే కావడం వల్ల దాని ఇబ్బంది దీవి మొత్తానికీ ఇబ్బందే. వృద్ధుల సంరక్షణ గృహాల్లో ఖాళీ లేక, చికిత్స పూర్తయినవారు కూడా పడక వదలలేని పరిస్థితి తరచూ వస్తుంది. అప్పుడు అత్యవసర విభాగంలో కొత్త రోగి నిరీక్షిస్తాడు. 2020 వసంతంలో కొవిడ్ ఇదే ఆస్పత్రి సిబ్బందిలో పాకినప్పుడు రోగులను పంపడానికి మరో చోటు లేకపోయింది.

రెండో ఆస్పత్రి కోసం ప్రయత్నాలు జరగకపోలేదు. దక్షిణాన కిహేయ్‌లో ప్రైవేటు ఆస్పత్రి ప్రతిపాదనను రాష్ట్ర ఆరోగ్య ప్రణాళికా సంస్థ 2006లో తోసిపుచ్చింది. ఉన్న ఆస్పత్రికి రోగులు తగ్గి రెండూ దెబ్బతింటాయన్నది ఆ వైపు వాదన. పశ్చిమ తీరాన కానాపలిలో మరో ఆస్పత్రికి 2009లో అనుమతి వచ్చింది గాని అది కాగితం మీదే ఉండిపోయింది. పశ్చిమ తీరంలోని లహైనా పట్టణం నుంచి వైలుకుకు కొండకూ సముద్రానికీ నడుమ వెళ్లే ఒకే ప్రధాన రహదారి. గడ్డి మంటలకో, ప్రమాదానికో అది మూసుకుపోతే అంబులెన్సు కూడా ఆగాల్సిందే.

హానా వాసుల సంగతి మరీ కష్టం. విమానాశ్రయం ఉన్న కహులుయి పట్టణం నుంచి అక్కడికి దూరం 80 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మలుపులు మాత్రం ఆరు వందల పైచిలుకు, వంతెనలు 59, వాటిలో చాలావరకు ఒక్క వాహనం పట్టేవే. రెండున్నర గంటల దారి. అందమైన ప్రయాణంగా పర్యాటకులు చెప్పుకునే ఆ రోడ్డు గుండెపోటు వచ్చినవాడికి ప్రాణగండం. ఊళ్లో ఉన్నది హానా హెల్త్ అనే సముదాయ కేంద్రం ఒక్కటే. పరిస్థితి విషమిస్తే హెలికాప్టరే దిక్కు.

విమానం ఎక్కి వైద్యం

హవాయి మొత్తంలో అత్యున్నత స్థాయి ప్రమాద చికిత్సా కేంద్రం హొనొలులులోని క్వీన్స్‌లో ఉంది. కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉన్నది అదే నగరంలోని స్ట్రాబ్ ఆస్పత్రిలో. మౌయి కౌంటీ వాసికి ఈ రెండూ విమాన ప్రయాణమే.

మొలోకాయి, మౌయి మధ్య నడిచిన ఫెర్రీ 2016లో ఆగిపోయింది. పెద్ద విమానాలు నడిపిన సంస్థ కొవిడ్ కాలంలో తప్పుకుంది. ఆ తర్వాత మొలోకాయికి ప్రధానంగా మిగిలింది తొమ్మిది సీట్ల చిన్న విమానాలే. బరువు సమతూకం కోసం కౌంటర్ దగ్గర సంచితో సహా ప్రయాణికుడి బరువు కూడా చూస్తారు. గాలి ఎక్కువైనా, విమానం మరమ్మతుకు వెళ్లినా ప్రయాణం రద్దు. దాంతో నెలల ముందు తీసుకున్న స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ చేజారుతుంది, మళ్లీ వరసలో నిలబడాలి. మెడికెయిడ్ ఉన్నవారికి టికెట్ ఖర్చు, అవసరమైతే తోడు వెళ్లే మనిషి ఖర్చు కూడా ప్రభుత్వం ఇస్తుంది. ఉద్యోగం వల్ల బీమా ఉన్నవారికి అన్నిసార్లూ ఆ వెసులుబాటు ఉండదు. ఆ రోజు కోల్పోయే కూలి ఎవరికీ తిరిగి రాదు.

కాన్పుల విషయంలో ఇది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొలోకాయి జనరల్‌లో మంత్రసాని నర్సులు ప్రమాదం లేని కాన్పులు చేస్తారు. ఏ చిక్కు కనిపించినా హొనొలులుకో మౌయికో పంపేస్తారు. లనాయి గర్భిణులు నెలలు నిండకముందే, కొన్ని వారాల ముందుగా దీవి వదిలి బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండి కాన్పుకు ఎదురుచూస్తారు. ఇంటి దగ్గర వదిలిన పెద్దపిల్లల సంగతి ఏ బీమా పత్రంలోనూ రాయరు.

గాలిలో అంబులెన్సు మీద ఇంతగా ఆధారపడటం ఎంత ప్రమాదమో 2022 డిసెంబరు 15న తెలిసింది. రోగిని తేవడానికి కహులుయి నుంచి బయలుదేరిన ఎయిర్ అంబులెన్సు మౌయికీ, ‘పెద్ద దీవి’గా పిలిచే హవాయి దీవికీ మధ్య సముద్రంలో కూలి, అందులోని ముగ్గురూ చనిపోయారు. ఆ సంస్థ తాత్కాలికంగా సేవలు నిలిపివేయడంతో రాష్ట్రంలో రోగుల తరలింపే చిక్కులో పడింది. గవర్నర్ జోష్ గ్రీన్ అత్యవసర ఉత్తర్వు ఇచ్చి బయటి విమానాలను, నేషనల్ గార్డును రప్పించాల్సి వచ్చింది. ఆయన స్వయంగా అత్యవసర విభాగం వైద్యుడు.

లహైనా మంటల తర్వాత

2023 ఆగస్టు 8న బలమైన గాలులకు చెలరేగిన మంటలు లహైనా పట్టణాన్ని బూడిద చేశాయి. 102 మంది మరణించారు. వారిలో ఎక్కువ మంది 60 ఏళ్లు దాటినవారు. 2 వేలకు పైగా భవనాలు కాలిపోయాయి. కరెంటు, ఫోన్లు లేవు. పట్టణంలోని క్లినిక్‌లు, మందుల దుకాణాలు కాలిపోయాయి లేదా మూతపడ్డాయి. తీవ్రంగా కాలినవారిని హొనొలులుకు విమానంలో పంపారు. తర్వాతి రోజుల్లో గాయాల కంటే ఆగిపోయిన మందులే పెద్ద సమస్య అయ్యాయి. ఇన్సులిన్, రక్తపోటు మాత్రలు, కళ్లద్దాలు అన్నీ ఇళ్లతో పాటు పోయాయి. హోటల్ గదుల్లో తాత్కాలిక శిబిరాలు వెలిశాయి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబాలకు ఇలోకానో తెలిసిన దుబాసీలు కావాల్సి వచ్చింది.

హవాయి విశ్వవిద్యాలయం బాధితుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం చేపట్టింది. 2024లో వెలువడిన తొలి ఫలితాల్లో పరీక్షించినవారిలో దాదాపు సగం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. ఊపిరితిత్తుల పనితీరు తగ్గినవారూ, రక్తపోటు పెరిగినవారూ చాలామంది. ఇల్లు దొరకక పదే పదే గది మారినవారి మానసిక స్థితిని మాత్రలు మాత్రమే బాగుచేయలేవు. ఇక్కడ ఇల్లే మందు.

బీమా ఉంది, డాక్టరు లేడు

వారానికి 20 గంటలు, అంతకు మించి పనిచేసే ఉద్యోగికి యజమాని ఆరోగ్య బీమా ఇవ్వాలన్న చట్టాన్ని హవాయి 1974లోనే చేసింది. ఉద్యోగి వాటా జీతంలో 1.5 శాతానికి మించకూడదు. అమెరికాలో మరే రాష్ట్రానికీ ఇలాంటి చట్టం లేదు. దాని ఫలమే బీమా లేనివారు ఇంత తక్కువగా ఉండటం. దుష్ఫలితం కూడా ఒకటుంది: ఏ ఒక్క చోటా గంటలు 20కి చేరకుండా రెండు మూడు చిన్న కొలువులు చేసుకునే హోటల్ పనివారు ఈ రక్షణ బయట పడిపోతుంటారు.

డాక్టర్ల కొరత మాత్రం ఏటా పెరుగుతున్న తలనొప్పి. అవసరంతో పోలిస్తే మౌయి కౌంటీలో కొరత ఇటీవలి అంచనాల్లో దాదాపు మూడో వంతు నుంచి 40 శాతం వరకు ఉంది. కారణాలు అందరికీ తెలిసినవే. సాధారణ ఇల్లు పది లక్షల డాలర్ల దగ్గర పలికే చోట చదువు అప్పు తీరని యువ వైద్యుడు కాపురం పెట్టలేడు. పిల్లల బడి, జీవిత భాగస్వామికి ఉద్యోగం కూడా సమస్యే. దీనికి తోడు హవాయి వసూలు చేసే సాధారణ ఎక్సైజ్ పన్ను సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టరు రాబడి మీద కూడా పడుతుంది. 2024 నుంచి మౌయి కౌంటీ అదనపు సుంకం కలిసి అది 4.5 శాతం అయింది. ప్రభుత్వ బీమా చెల్లించే మొత్తం ఖర్చుకే చాలనప్పుడు దాని మీద మళ్లీ పన్ను వేయడం, రోగుల్ని చూడొద్దని డాక్టరుకు చెప్పడమే.

ఈ మాట శాసనసభ చెవిన పడటానికి చాలా ఏళ్లు పట్టింది. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, మెడికెయిడ్, సైనిక కుటుంబాల బీమా కింద వైద్యులకు అందే చెల్లింపులను ఆ పన్ను నుంచి మినహాయిస్తూ 2024లో చట్టం అయింది. అమలు తేదీ 2026 జనవరి 1.